బెల్టు మీద విమానం: టేకాఫ్ లెక్క తిరగబడిన ఒక కేసు

కమర్షియల్ పైలట్ లైసెన్సు పరీక్షలకు చదివే గ్రౌండ్ క్లాసులో ఎదురైన కేసు ఇది. ఆ విద్యార్థి పేరు ‘క’ అనుకుందాం. ఊరు, బ్యాచ్, సంస్థ తెలిసే వివరాలు తీసేశాను. అంకెలు మాత్రం ఉన్నవున్నట్టు ఉంచాను, ఎందుకంటే ఈ కేసులో అసలు కథంతా అంకెల్లోనే ఉంది.

పూర్వరంగం

‘క’ మెకానికల్ ఇంజనీరింగ్ పూర్తిచేసి వచ్చాడు. ముందు డీజీసీఏ (పౌర విమానయాన నియంత్రణ సంస్థ) పేపర్లు గట్టెక్కి, తర్వాత ఫ్లయింగ్‌కు వెళ్దామనుకునే చాలామందిలాగే ఇంకా కాక్‌పిట్‌లో కూర్చోలేదు. లెక్కల్లో చురుకు. సూత్రం ఇస్తే చాలు, క్లాసులో అందరికంటే ముందు జవాబు తెస్తాడు. ఇలాంటి విద్యార్థి దగ్గర పొరపాటు బయటపడటం కష్టం. జవాబు సరిగ్గా ఉన్నంతకాలం లోపల ఏం అనుకుంటున్నాడో ఎవరూ అడగరు.

పర్ఫార్మెన్స్ టెస్టులో ఒక ప్రశ్న ఇచ్చాం. సెస్నా 172ఎస్ అనే చిన్న విమానం, పూర్తి బరువు 2,550 పౌండ్లు, సముద్రమట్టం, 15 డిగ్రీలు, గట్టి రన్‌వే. హ్యాండ్‌బుక్ ప్రకారం గాలి లేనప్పుడు గ్రౌండ్ రోల్, అంటే లేచేలోపు నేల మీద పరుగెత్తే దూరం, 960 అడుగులు. ఎదురుగాలి 18 నాట్లు (ఒక నాటు అంటే గంటకు దాదాపు 1.85 కిలోమీటర్లు) ఉంటే ఎంత? 55 నాట్ల దగ్గర ముక్కు ఎత్తితే ఆ క్షణంలో ఎయిర్‌స్పీడ్ ఇండికేటర్ (గాలితో పోలిస్తే విమానం వేగం చూపే ముల్లు) ఎంత చూపిస్తుంది, గ్రౌండ్‌స్పీడ్ (నేలతో పోలిస్తే వేగం) ఎంత ఉంటుంది?

మొదటి ఖాళీలో ‘క’ 768 అడుగులు రాశాడు. సరైనదే. ప్రతి 9 నాట్ల ఎదురుగాలికి 10 శాతం తగ్గించమని హ్యాండ్‌బుక్ చెబుతుంది, 18 నాట్లకు 20 శాతం పోయింది. తర్వాతి రెండు ఖాళీల్లో ఎయిర్‌స్పీడ్ 37, గ్రౌండ్‌స్పీడ్ 55 అని రాశాడు. సరిగ్గా తిరగబడింది. ఇండికేటర్ మీద 55 ఉండాలి, నేల మీద వేగం 37 ఉండాలి. విమానాన్ని లేపేది రెక్కలకు తగిలే గాలి, అందులో 18 ఎదురుగాలే ఇస్తోంది.

అసలు సమస్య ఏమిటి

తొందరలో రెండు అంకెలు తారుమారయ్యాయని కొట్టేసి ముందుకు పోవచ్చు. కానీ ‘క’ పక్కన చిన్నగా ఒక వాక్యం రాసుకున్నాడు: “చక్రాలు 55కి తిరగాలి, ఎదురుగాలి 18 తినేస్తుంది.” అంటే అతని మనసులో విమానాన్ని లేపేది చక్రం వేగం. గాలి దానికి అడ్డుపడే వస్తువు. మరి దూరం ఎందుకు తగ్గిందని అడిగితే, “రూల్ అంతే కదా సార్” అన్నాడు. రూల్ ఒక గదిలో ఉంది, అవగాహన పక్క గదిలో ఉంది, మధ్యలో తలుపు లేదు.

దీన్ని నిర్ధారించుకోవడానికి బెల్టు పజిల్ ఎంచుకున్నాం. అందులో రూల్ ఏదీ పనికిరాదు. బట్టీ పట్టినది ఆదుకోదు కాబట్టి మనసులో ఉన్న బొమ్మే జవాబు చెబుతుంది. పజిల్ ఇది: రన్‌వే అంతా ఒక పెద్ద కన్వేయర్ బెల్టు. విమానం ఎంత వేగంతో ముందుకు కదిలితే బెల్టు అంతే వేగంతో వెనక్కి కదులుతుంది. గాలి లేదు. విమానం లేస్తుందా?

‘క’ జవాబు వెంటనే వచ్చింది. “ఉన్నచోటే ఉంటుంది సార్. బెల్టు ఎంత లాగితే చక్రం అంత తిరుగుతుంది. ట్రెడ్‌మిల్ మీద మనిషి పరుగెత్తినట్టే.”

క్లాసులో సగానికి పైగా తలూపారు. ఒకరు మాత్రం “ప్రొపెల్లర్ గాలి రెక్కల మీద నుంచి పోతుంది కదా, కదలకుండానే లేస్తుంది” అన్నారు. అది వేరే జబ్బు, మందు కూడా వేరు. షార్ట్ ఫీల్డ్ టేకాఫ్‌లో బ్రేకులు నొక్కిపట్టి పూర్తి పవర్ ఇచ్చి, ఆ తర్వాత వదులుతారు. బ్రేకులు పట్టి ఉన్నంతసేపూ విమానం వణుకుతుందే గాని అంగుళం లేవదు. ప్రొపెల్లర్ గాలి తగిలేది రెక్కల లోపలి భాగానికే. ఆ మాటతో ఆ విద్యార్థి సర్దుకున్నాడు. ‘క’ విషయం అంత తేలిగ్గా తెగలేదు.

మొదటి ప్రయత్నం: బొమ్మ గీయించడం

ఇంజనీరింగ్ చదివినవాడు కాబట్టి ఫ్రీ బాడీ డయాగ్రామ్, అంటే విమానం మీద పడే బలాలను బాణాలతో చూపే బొమ్మ, గీయమన్నాం. ఇక్కడ మా ఆలోచన సూటిగానే ఉంది. థ్రస్ట్ (ప్రొపెల్లర్ ముందుకు లాగే బలం) గాలి నుంచి వస్తుందని బాణం గీస్తే, బెల్టుకు ఆ బాణంతో సంబంధం లేదని అతనికే కనబడుతుంది.

‘క’ బొమ్మ తప్పులేకుండా గీశాడు. కిందికి బరువు, పైకి నేల ప్రతిచర్య, ముందుకు థ్రస్ట్, వెనక్కి చక్రాల దగ్గర రోలింగ్ ఘర్షణ. కానీ వెనక్కి గీసిన బాణాన్ని స్కేలు పెట్టి మరీ థ్రస్ట్‌తో సమానంగా గీశాడు. ఎందుకంటే “బెల్టు స్పీడ్ మ్యాచ్ అవుతుంది కదా సార్” అన్నాడు.

ఈ కేసులో దొరికిన మొదటి అసలైన ఆధారం ఆ బాణమే. ప్రశ్నలో సమానమైనవి రెండు వేగాలు. బొమ్మలో సమానమైనవి రెండు బలాలు. వేగాల సమానత్వం తనకు తెలియకుండానే బలాల సమానత్వంగా మారిపోయింది. ఆ బాణాన్ని అక్కడికక్కడే చిన్నగా దిద్దించవచ్చు. దిద్దించలేదు. మనం దిద్దితే అది ఇంకో రూల్ అయి మొదటి గదిలోకే చేరుతుంది. బెల్టు వేగం పెరిగితే ఘర్షణ ఎంత పెరుగుతుందో అతను తన కళ్లతో చూడాలి.

రెండో ప్రయత్నం: కాలవలో పడవ

తెలిసిన వస్తువుతో పోలిక చెబుదామనుకున్నాం. ‘క’ డెల్టా వాడు. కాలవ గట్టు మీద నడుస్తూ మనుషులు తాడుతో పడవలు లాగడం ఇంట్లో పెద్దవాళ్లు చెప్పగా విన్నవాడే. నీరు వెనక్కి పోతున్నా, లాగేవాడి కాళ్లు గట్టు మీద ఉన్నాయి కాబట్టి పడవ ముందుకే వస్తుంది. నీరు బెల్టు, గట్టు గాలి, తాడు ప్రొపెల్లర్. వినడానికి బాగుంది.

బెడిసికొట్టింది. “కాలవ జోరు మీదుంటే లాగలేరు సార్, తాడు తెగుతుంది” అన్నాడు. అతను చెప్పింది నిజం. నీటి అడ్డు వేగంతో పాటు పెరుగుతుంది, దాదాపు వేగం వర్గంతో. ప్రవాహం రెట్టింపైతే అడ్డు నాలుగింతలు. చక్రం అలా కాదు. బేరింగు మీద తిరిగే చక్రానికి రోలింగ్ ఘర్షణ ముఖ్యంగా మీద పడిన బరువును బట్టి ఉంటుంది, వేగంతో కొద్దిగానే మారుతుంది. పజిల్ మొత్తం ఈ ఒక్క తేడా మీద నిలబడి ఉంది. మేం ఎంచుకున్న పోలిక సరిగ్గా ఆ తేడానే చెరిపేసింది. ఏటికి ఎదురీదేవాడు ఉన్నచోటే ఉంటాడన్న అతని నమ్మకానికి మేమే ఇంకో మేకు కొట్టాం.

పోలిక ఎంచుకునేటప్పుడు అది ఎక్కడ కలుస్తుందో చూశాం గాని, ఎక్కడ విడిపోతుందో చూడలేదు.

మూడో ప్రయత్నం: వీడియో

2008లో అమెరికన్ టీవీ కార్యక్రమం మిత్‌బస్టర్స్ దీన్ని నిజం విమానంతో చేసి చూపించింది. పొడవాటి గుడ్డ పరిచి, దాని మీద అల్ట్రాలైట్ అనే తేలికపాటి చిన్న విమానాన్ని నిలబెట్టి, గుడ్డను ట్రక్కుతో వెనక్కి లాగారు. విమానం మామూలుగానే ముందుకు పరుగెత్తి లేచింది. నడిపిన పైలటే లేవదని అనుకున్నాడట.

‘క’ రెండుసార్లు చూశాడు. తర్వాత అన్నది: “ట్రక్కు సరిగ్గా మ్యాచ్ చెయ్యలేదు సార్. విమానం ముందుకు వెళ్లిందంటేనే బెల్టు స్పీడ్ చాలలేదని అర్థం.”

మొదట ఇది మొండివాదంలా అనిపించింది. కాదు. ఈ వాక్యంలో రెండో ఆధారం ఉంది. విమానం కదలకపోవడమే అతనికి ‘మ్యాచ్’ అన్న మాటకు అర్థం. మేం అడిగిన ప్రశ్న వేరు, అతను జవాబిస్తున్న ప్రశ్న వేరు. ఇన్ని రోజులూ ఇద్దరం ఒకే మాట వాడుతూ రెండు పజిళ్ల గురించి వాదించుకున్నాం. వీడియో ఎన్నిసార్లు చూపించినా ఆ గొడవ తీరదు.

ఏది పనిచేసింది

ముందు ప్రశ్నను రెండుగా చీల్చాం. బోర్డు మీద ఇలా రాశాం.

మొదటి పజిల్: బెల్టు వేగం, నేల మీద నిలబడ్డవాడికి కనిపించే విమానం వేగంతో సమానం.
రెండో పజిల్: బెల్టు వేగం, చక్రం అంచు ఇరుసు చుట్టూ తిరిగే వేగంతో సమానం.

చక్రం జారకపోతే అంచు వేగం అంటే విమానం వేగం, బెల్టు వేగం కలిపిన మొత్తం. మొదటి పజిల్‌లో విమానం 55 నాట్లు పోతుంటే చక్రం 110 నాట్ల లెక్కన తిరుగుతుంది, అంతే. రెండో పజిల్‌లో ఆ మొత్తం బెల్టు వేగానికే సమానం కావాలంటే విమానం వేగం సున్నా కాక తప్పదు. జవాబును ప్రశ్నలోనే దాచి అడిగినట్టన్నమాట. “నేను చెప్పింది రెండోది సార్” అని ‘క’ వెంటనే పట్టుకున్నాడు. అతని జవాబు ఒక పజిల్‌కు సరిపోతుందని ఒప్పుకోవడం ఇక్కడ చాలా పనిచేసింది. నువ్వు తప్పు అన్నంతసేపూ అతను తన కోటకు కాపలా కాస్తూ కూర్చున్నాడు. మొదటి పజిల్ ఇంకా తేలలేదు. దానికి ప్రయోగం కావాలి.

హాస్టల్ జిమ్‌లో ట్రెడ్‌మిల్ ఉంది. సామాన్లు: ఒక స్కేట్‌బోర్డ్, దాని మీద టేపుతో బిగించిన 5 కిలోల డంబెల్ ప్లేటు, మొత్తం 7.5 కిలోలు. నైలాన్ దారం. ఫిజిక్స్ ల్యాబులో దొరికే 250 గ్రాముల స్ప్రింగ్ త్రాసు. చిన్న కప్పీలు రెండు. బ్యాటరీ బొమ్మ కారు ఒకటి.

మొదట బొమ్మ కారు. మోటారు నడుస్తుండగా బెల్టు మీద పెట్టి, వేగం మెల్లగా పెంచాం. గంటకు 3 కిలోమీటర్ల దగ్గర కారు ఉన్నచోట ఆగిపోయింది. ‘క’ మొహం వెలిగింది. ఇది కావాలనే ముందు పెట్టాం. కారు విషయంలో అతని ఆలోచన నూటికి నూరు పాళ్లు సరైనది. కారును ముందుకు తోసేది చక్రమే, చక్రం తన్నేది బెల్టునే. అతను కారు గురించి నేర్చుకున్నదాన్ని విమానానికి తొడిగాడు. ఆ తొడుగు ఎక్కడ పట్టడం లేదో చూపించాలంటే, ముందు అది పట్టే చోటును చూపించాలి.

తర్వాత స్కేట్‌బోర్డ్. ట్రెడ్‌మిల్ ముందు భాగానికి త్రాసు కట్టి, త్రాసు నుంచి దారంతో బోర్డును పట్టుకున్నాం. బెల్టు నడుస్తుంటే బోర్డును ఉన్నచోట నిలిపి ఉంచడానికి ఎంత బలం కావాలో త్రాసు చెబుతుంది. బెల్టు వేగం గంటకు 3 కిలోమీటర్లు దాటించకముందే 6, 9, 12 దగ్గర రీడింగ్ ఎంత వస్తుందో ప్రతి ఒక్కరూ కాగితం మీద రాయాలి, రాసింది కొట్టెయ్యకూడదు. 3 దగ్గర చూసిన అంకె చెబుతామని, ఆ మూడూ దాన్నుంచి ఊహించమని అన్నాం.

మొదటి రీడింగే తేడాగా వచ్చింది. 180 గ్రాములు దాటింది. బేరింగులకు నూనె వేశాం, చక్రాలు చేత్తో తిప్పి చూశాం. అవి బాగానే ఉన్నాయి. తీరా చూస్తే ట్రెడ్‌మిల్ 1 శాతం ఏటవాలుతో మొదలయ్యే రకం. 7.5 కిలోల్లో 1 శాతం అంటే 75 గ్రాములు. దాన్ని సున్నాకు దించగానే ముల్లు 105 దగ్గర నిలబడింది. ఏటవాలు గమనించకపోతే ప్రయోగం పూర్తిగా చెడదు, కానీ అంకెలు మోసం చేస్తాయి. స్పిరిట్ లెవల్ పెట్టి చూసుకోవడం మంచిది. దారం కూడా బెల్టుకు సమాంతరంగా ఉండాలి. పైకి లాగుతుంటే చక్రాల మీద బరువు తగ్గి రీడింగ్ తగ్గుతుంది.

3 దగ్గర 105 అని చెప్పాం. ‘క’ కాగితం మీద రాసింది: 210, 315, 420. రాసి, “ఈ త్రాసు సరిపోదు సార్, 500ది కావాలి” అన్నాడు. ఉత్తమాట కాదు, లేచి వెళ్లి తెస్తానన్నాడు. నమ్మకం అంత గట్టిది.

6 దగ్గర ముల్లు 105 మీదే ఉంది. 9 దగ్గర 110. 12 దగ్గర కొంచెం వణుకుతూ 115కీ 120కీ మధ్య. బెల్టు నాలుగింతలు వేగంగా పోతుంటే పట్టుకోవాల్సిన బలం పదిహేను గ్రాముల లోపే పెరిగింది. ‘క’ వంగి దారాన్ని వేలితో మీటి చూశాడు, ఎక్కడైనా చిక్కుకుందేమోనని. బెల్టు వేగాన్ని తనే 3కు తగ్గించి మళ్లీ 12కు పెంచాడు. ముల్లు అక్కడే ఉంది. కాగితం మీద 420 పక్కన 115 అని రాసుకున్నాడు. ఎవరూ ఏమీ అనలేదు. అనాల్సిన అవసరం రాలేదు.

చివరగా త్రాసు తీసేసి థ్రస్ట్ పెట్టాం. దారాన్ని ముందున్న కింది కప్పీ మీదుగా పైకి తీసుకెళ్లి, కన్సోల్ దగ్గర కట్టిన రెండో కప్పీ మీదుగా 200 గ్రాముల బరువు వేలాడదీశాం. ఒక్క కప్పీ అయితే బరువు జానెడు దిగగానే నేలకు తగులుతుంది, అందుకే రెండు. ఈ వేలాడే బరువే ప్రొపెల్లర్. అది బెల్టు ఎంత జోరుగా పోతోందో చూడదు, తన 200 గ్రాములు తను లాగుతూనే ఉంటుంది. బోర్డును చేత్తో పట్టుకుని, బెల్టు వేగం అందుకున్నాక వదిలాం. బెల్టు 3 దగ్గర 80 సెంటీమీటర్లు ముందుకు రావడానికి 3.7 సెకన్లు. 12 దగ్గర 3.9. చేతి స్టాప్‌వాచ్‌తో అది తేడా కింద లెక్క కాదు. కింద బెల్టు వెనక్కి దూసుకుపోతుంటే బోర్డు తాపీగా ముందుకు నడిచింది.

జాగ్రత్త ఒకటి. దారం తెగితే 5 కిలోల ప్లేటు వెనక్కి ఎగిరిపోతుంది. వెనక పరుపు నిలబెట్టాలి, ఆ వరసలో ఎవరూ నిలబడకూడదు. బోర్డు పక్కకు లాగితే చక్రాల బిగింపు సరిచూడాలి. చేత్తో నెట్టి సరిచేస్తే ఆ చెయ్యే ఇంకో థ్రస్ట్ అవుతుంది.

బొమ్మ నుంచి సెస్నాకు

ప్రయోగం తర్వాత అదే రోజు అంకెలు వేయించాం. వాయిదా వేస్తే అది స్కేట్‌బోర్డ్ విషయంగానే మిగిలిపోతుంది.

2,550 పౌండ్లు అంటే 1,157 కిలోలు. 960 అడుగులు అంటే 293 మీటర్లు. 55 నాట్లు అంటే సెకనుకు 28.3 మీటర్లు. సున్నా నుంచి ఆ వేగం 293 మీటర్లలో అందాలంటే సగటు త్వరణం సెకనుకు సెకనుకు 1.37 మీటర్లు, అంటే మిగులు బలం దాదాపు 1,580 న్యూటన్లు. గట్టి నేల మీద రోలింగ్ గుణకం (ఘర్షణ బరువులో ఎన్నో వంతో చెప్పే అంకె) 0.02 అనుకుంటే మొదట్లో ఘర్షణ 227 న్యూటన్లు. ఆ తర్వాత అది తగ్గుతూ పోతుంది, ఎందుకంటే వేగం పెరిగేకొద్దీ రెక్కలు బరువును మోస్తాయి, చక్రాల మీద భారం తగ్గుతుంది. లేచే క్షణానికి దాదాపు సున్నా. బెల్టు అత్యంత జోరుగా ఉన్న క్షణంలోనే దానికి పట్టు లేకుండా పోతుందన్నమాట. ఈ మాట ‘క’ తనే అన్నాడు.

మరి బెల్టు ప్రభావం అసలే ఉండదా? ఉంటుంది, చాలా చిన్నది. చక్రాలు రెట్టింపు వేగం అందుకోవాలి కాబట్టి వాటి జడత్వం రెండింతలుగా లెక్కకు వస్తుంది. మూడు చక్రాల జడత్వాన్నీ అంచు దగ్గరికి తెచ్చి లెక్కగడితే 15 కిలోలు అనుకున్నాం. అదనంగా 15 కిలోలు మోసినట్టు, అంటే 1.3 శాతం. గ్రౌండ్ రోల్ నాలుగు మీటర్ల లోపే పెరుగుతుంది. అసలు ఇబ్బంది టైరుది. వ్యాసార్ధం 22 సెంటీమీటర్లు అనుకుంటే మామూలు టేకాఫ్‌లో చక్రం నిమిషానికి 1,230 సార్లు తిరుగుతుంది, బెల్టు మీద 2,460 సార్లు. ఈ తరగతి విమానాల టైర్లకు గంటకు 120 మైళ్ల పరిమితి మామూలు, అంటే 104 నాట్లు. బెల్టు మీద చక్రం చూసేది 110. ఫిజిక్స్ ఒప్పుకున్నా టైరు కంపెనీ ఒప్పుకోదు.

తర్వాత అతని రెండో పజిల్‌కు వచ్చాం. విమానాన్ని కదలకుండా పట్టి ఉంచాలంటే బెల్టు ఏం చెయ్యాలి? థ్రస్ట్ 2,000 న్యూటన్లు అనుకుందాం. రోలింగ్ ఘర్షణ ఆపగలిగేది 227. మిగతా 1,773ని ఎవరు ఆపాలి? స్థిరమైన వేగంతో తిరిగే బెల్టు, ఎంత వేగమైనా సరే, ఆపలేదు. అది ఇప్పుడే త్రాసు చెప్పింది. ఉన్న ఒకే దారి చక్రాల జడత్వం. బెల్టు నిరంతరం వేగం పెంచుకుంటూ పోతే, చక్రాలను తిప్పడానికి ఇరుసు మీద వెనక్కి లాగుడు పడుతుంది. 1,773ని 15తో భాగిస్తే సెకనుకు సెకనుకు 118 మీటర్లు. అర సెకనులో టైరు పరిమితి దాటిపోతుంది. ఒక సెకనుకు బెల్టు గంటకు 425 కిలోమీటర్లు. మూడో సెకను ముగిసేలోపు ధ్వని వేగం.

‘క’ కాసేపు కాగితం వైపు చూసి అడిగాడు. “అంటే బెల్టు విమానాన్ని ఆపేది స్పీడుతో కాదు, స్పీడు పెంచుతూ పోవడంతోనా సార్?”

వేగానికీ బలానికీ మధ్య మూసుకుపోయిన తలుపు తెరుచుకున్నది ఇక్కడ. మొదటి రోజు స్కేలు పెట్టి గీసిన ఆ సమానమైన బాణం దగ్గరికి తనే వెళ్లి, దాన్ని చెరిపి, పదో వంతు పొడవుతో మళ్లీ గీశాడు. (అంత జోరుగా వెనక్కి పోయే బెల్టు తన మీది గాలిని కూడా వెనక్కి ఈడుస్తుంది, అది విమానానికి ఎదురుగాలే అవుతుంది, అప్పుడేమవుతుందని ఇంకొకరు లేవదీశారు. మంచి ప్రశ్న. సాయంత్రం టీ దగ్గరికి వాయిదా వేశాం.)

నిలిచిందా లేదా

అదే ప్రశ్న మళ్లీ అడిగితే జవాబు గుర్తుండి చెప్పేస్తారు. రెండు వారాల తర్వాత బెల్టును తిప్పి అడిగాం. గాలి లేదు. బెల్టు ఈసారి విమానం ముక్కు ఉన్న వైపే, ముందుకు, 55 నాట్లతో కదులుతోంది. ఇంజన్ ఐడిల్‌లో ఉంది, థ్రస్ట్ లేదనుకోండి. బ్రేకులు పట్టి ఉంటే ఏమవుతుంది, వదిలి ఉంటే ఏమవుతుంది?

‘క’ జవాబు: బ్రేకులు పట్టి ఉంటే విమానం బెల్టుతో పాటు పోతుంది, నిశ్చలమైన గాలిలో 55తో పోతున్నట్టే, ఇండికేటర్ 55 చూపిస్తుంది, ముక్కు ఎత్తితే నేల వదులుతుంది, కానీ థ్రస్ట్ లేదు కాబట్టి నిలవదు. వదిలి ఉంటే చక్రాలు తిరుగుతాయి, విమానం దాదాపు ఉన్నచోటే ఉంటుంది. ఆ ‘దాదాపు’ ఏమిటంటే, 227 న్యూటన్లు 1,157 కిలోలను ముందుకు మెల్లగా ఈడుస్తాయి, సెకనుకు సెకనుకు 0.2 మీటర్లు. ఆ చివరి భాగం మేం అడగలేదు.

మొదటి టెస్టులో తిరగబడ్డ గాలి ప్రశ్నను కూడా వేరే రూపంలో ఇచ్చాం. వెనకగాలి 6 నాట్లు. దూరం 30 శాతం పెరుగుతుంది, ఎందుకంటే వెనకగాలికి ప్రతి 2 నాట్లకు 10 శాతం కలపాలి. ఇండికేటర్ 55, గ్రౌండ్‌స్పీడ్ 61. మూడూ సరిగ్గా వచ్చాయి. ఈ మూడో అంకె కోసమే ఇంత శ్రమ. వెనకగాలిలో రన్‌వే గీతలు మామూలుకంటే జోరుగా వెనక్కి పోతాయి, కంటికి వేగం చాలినట్టు అనిపిస్తుంది, ముక్కు ఎత్తడానికి చెయ్యి కంట్రోల్‌ను ముందే వెనక్కి లాగుతుంది, ఇండికేటర్ మీద మాత్రం ఇంకా 49 ఉంటుంది. చక్రం వేగాన్ని నమ్మేవాడు చేసే పొరపాటు అదే.

ఎండ కూడా ఇదే మోసం చేస్తుంది. బేగంపేట ఎత్తు దాదాపు 1,740 అడుగులు. మే నెలలో 40 డిగ్రీలు ఉంటే డెన్సిటీ ఆల్టిట్యూడ్, అంటే గాలి పలచదనాన్ని బట్టి విమానానికి ఉన్నట్టు అనిపించే ఎత్తు, 5,150 అడుగుల చుట్టూ వస్తుంది. ఇండికేటర్ మీద అదే 55, గాలిలో నిజమైన వేగం 59 నాట్లు. గాలి పలచన కాబట్టి అంత లిఫ్ట్‌కు (రెక్కలు పైకి లేపే బలానికి) అంత పరుగు కావాలి, పైగా ఇంజన్ కూడా నీరసిస్తుంది. ‘క’కు ఈ లెక్క మొదటిసారే కుదిరింది, కానీ ఒక చోట తడబడ్డాడు. ఎదురుగాలి, ఎండ రెండూ కలిపి ఇస్తే గ్రౌండ్‌స్పీడ్‌కు 55 నుంచే గాలి తీసేశాడు, 59 నుంచి తియ్యాల్సింది. అది వేరే తప్పు, లెక్క క్రమంలో తప్పు. దానికి ట్రెడ్‌మిల్ అక్కర్లేదు.

తర్వాతి బ్యాచ్‌కు మార్చినవి

పజిల్‌ను ఇప్పుడు ఆ రెండు వాక్యాల్లో ఏదో ఒకటి స్పష్టంగా రాసే అడుగుతున్నాం. ‘బెల్టు మ్యాచ్ అవుతుంది’ అన్న మాట క్లాసులో వాడం. దేనితో మ్యాచ్ అని చెప్పకపోతే మొదటి గంట వాదనకే పోతుంది.

లేస్తుందా లేవదా అనేదానికంటే ముందు ఇంకో ప్రశ్న వేస్తున్నాం: “బెల్టు వేగం రెట్టింపైతే ఇరుసు మీద పడే లాగుడు ఎంత?” ఈ ఒక్క జవాబుతో ఎవరికి ఏ మందు కావాలో తెలిసిపోతుంది. రెట్టింపు అన్నవాళ్లు త్రాసు దగ్గరికి వెళ్లాలి. దాదాపు అంతే అన్నవాళ్లకు వీడియో చాలు. కదలకుండానే లేస్తుందన్నవాళ్లకు బ్రేకుల మాట చాలు. అందరికీ ఒకే వరసలో అన్నీ చూపిస్తే సగంమంది విసిగిపోతారు.

కాలవ పడవను పూర్తిగా వదిలెయ్యలేదు, చివరికి జరిపాం. త్రాసు చూసిన తర్వాత “మరి పడవ విషయంలో ఎందుకు తాడు తెగుతుంది?” అని అడిగితే, నీటి అడ్డుకూ చక్రం ఘర్షణకూ తేడా వాళ్లే చెబుతున్నారు. సీప్లేన్ (నీటి మీద నుంచి లేచే విమానం) ప్రవాహానికి ఎదురుగా టేకాఫ్ తీసుకుంటే ఏమవుతుందన్న ప్రశ్న అక్కడి నుంచే పుడుతుంది. దానికి జవాబు బెల్టు జవాబంత తేలిక కాదు.

ట్రెడ్‌మిల్ పక్క గోడకు ఒక చీటీ అంటించాం: ఏటవాలు సున్నా, దారం సమాంతరం, వెనక పరుపు. ‘క’ రాసిన 420 కాగితాన్ని, అతని అనుమతితో, పేరు చించేసి ఆ చీటీ కింద పెట్టాం.